కంప్యూటరు విద్యకై పైరు ఋణము ఖర్చు చేయవచ్చునా?

ప్రతి సంవత్సరమును ఏరువాక దినములలో సంఘమునుండి పైరు ఋణము తీసికొను సభ్యులలో కొందఱు ఆ సొమ్మును విత్తనములకును ఎరువులకును గాక మఱియొక పనికి వినియోగించుచున్నారని మేమెఱుగుదుము. కుమారుడు ఇంజనీరింగు ముగించినాడు, ఉద్యోగము రాలేదు, హైదరాబాదు పోయి అమీరుపేటలో కంప్యూటరు కోర్సు చేరినచో మూడు మాసములలో పని దొరకునని యెవరో చెప్పిరి. కోర్సు రుసుమునకును హాస్టలు ఖర్చునకును పైరు ఋణము చాలదు గావున ఇల్లాలి పుస్తెలతాడు గూడ తాకట్టునకు పోవుచున్నది. ఇది ఆ కుటుంబపు సొంత వ్యవహారమని సంఘమువా రూరకుండుట తగదని మా యభిప్రాయము. ఋణ మిచ్చినవారికి ఆ ఋణము ఏ దారిని పోవుచున్నదో విచారించు బాధ్యత గూడ కలదు.

ఈ విద్యను మేము నిరసింపము. 2000 సంవత్సరము సమీపించునప్పటికి, పాత ప్రోగ్రాములలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసియుండుటచేత కలిగిన చిక్కును సరిదిద్దుటకు ప్రపంచమంతటను మనుష్యులు కావలసివచ్చిరి. 1998 లో హైదరాబాదు మాదాపురమున సైబర్ టవర్సు భవనము తెఱవబడినది. ఆ కాలమున తెలుగు యువకులు వేలకొలదిగ నీ వృత్తిలో ప్రవేశించిరి. మెట్టపొలము తప్ప మఱేమియు లేని కుటుంబములు ఆ సంపాదనతో నిలద్రొక్కుకొన్నవి. అట్టివి మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను గలవు. కాని ఆనాటి వాకిలి నే డంత విశాలముగ లేదు. మనదేశపు సాఫ్టువేరు కంపెనీలలో మిక్కిలి పెద్దదియగు టీసీయస్ 2025 జూలైలో తన సిబ్బందిలో నూటికి ఇద్దఱి చొప్పున, అనగా సుమారు 12,000 మందిని, తగ్గింతుమని ప్రకటించినది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడినది మొదలు, పూర్వము క్రొత్తగా చేరినవారి కప్పగించెడి చిల్లర ప్రోగ్రాములను యంత్రమే వ్రాయ నేర్చుచున్నది. ఇట్టి కాలమున మూడు మాసముల కోర్సును నమ్మి అప్పు చేయుట, వాన కురియకముందే కోతకూలీలకు బయానా యిచ్చుట వంటిది.

మా సలహా యిది. ప్రోగ్రామింగు విద్య రుసుము చెల్లించినంతమాత్రమున రాదు, చేతితో చేసినందున వచ్చును. కావున తొలి ఆఱు మాసములును ఇంటనే, ఖర్చు లేకుండ, ఒక చిన్న పనిని పట్టుకొని ఆరంభింపవలెను. ఈ వృత్తిలోని అనేక శాఖలలో ఏది తనకు సరిపడునో ఆ పనిలోనే తెలియును. అప్పు చేయవలెనా వద్దా యను విచారము దాని తరువాతిది.

ఇంతకును ప్రోగ్రామింగనగా నేమి? చేయవలసిన పనిని అంచెలంచెలుగ, సందేహమునకు తావులేకుండ, యంత్రమునకు తెలియునట్లు వ్రాసి యిచ్చుట. పాలేరునకు “నీరు కట్టి రమ్ము” అనిన చాలును. అతడు మడి చూచి, గట్టు చూచి, తనంతట గ్రహించును. యంత్రమట్లు గ్రహింపదు. ఏ మడికి, ఎంత లోతు, ఎప్పుడాపవలెను, గట్టు తెగినయెడల నేమి చేయవలెను, అన్నియు ముందే చెప్పవలెను. చెప్పనిదానిని అది చేయదు. తప్పుగ చెప్పినదానిని తప్పుగనే, క్షణములో వేయిసార్లు చేయును.

మన సంఘపు లెక్కనే యుదాహరణముగ తీసికొందము. ఒక సభ్యుడు జూలై 1 తేదీన 50,000 రూపాయలు నూటికి సాలుకు 7 రూపాయల వడ్డీకి తీసికొని మఱుసటి జనవరి 27 తేదీన తీర్చెననుకొందము. పుచ్చుకొన్న దినమును వదలి లెక్కించిన 210 దినములు. వడ్డీ 2,013 రూపాయల 70 పైసలు. పుచ్చుకొన్న దినమును, తీర్చిన దినమును గూడ చేర్చి లెక్కించిన 211 దినములు. వడ్డీ 2,023 రూపాయల 29 పైసలు. తేడా 9 రూపాయల 59 పైసలు. అట్టి ఋణములే వేయిమంది సభ్యులకున్నయెడల 9,590 రూపాయలు. అది సభ్యులదా, సంఘముదా? ఫిబ్రవరికి 29 దినములు వచ్చిన సంవత్సరమున 365 తో భాగింపవలెనా, 366 తోనా? నడుమ కొంత సొమ్ము కట్టినయెడల నెట్లు? గుమాస్తా పొరపాటున తీర్చిన తేదీని ముందును, పుచ్చుకొన్న తేదీని వెనుకను వ్రాసినచో, యంత్రము వెనుదీయక సంఘమే సభ్యునికి వడ్డీ బాకీ యున్నట్లు చూపును! దాని నెట్లు నివారింపవలెను?

ఈ ప్రశ్నలు పుట్టుటయే ప్రోగ్రామింగు. సమాధానములను సంఘ కార్యదర్శి నడిగి తెలిసికొని పైథాను భాషలో వ్రాయుటకు ఇరువది పంక్తులు చాలును. ఈ యభ్యాసమునందు మఱియొక మేలు గలదు. కంప్యూటరు ముట్టని తండ్రియు దీనిని పరీక్షింపగలడు. వడ్డీలెక్క రైతున కెవరును నేర్పనక్కఱలేదు. “నీ యంత్రము చెప్పిన వడ్డీ యెంత? నేను వ్రేళ్లపై కట్టిన దింత. తేడా యెందుకు వచ్చెను?” అని అడుగవచ్చును. గోడకు తగిలించిన సర్టిఫికెట్టును చూచి పిల్లవానికేమి వచ్చునో తెలిసికొనుట యేరికిని సాధ్యము కాదు.

ఇంగ్లీషు రాదను భయము మన పిల్లలలో మిక్కుటము. తెలుగు మాధ్యమమున పదవ తరగతి వఱకు చదివినవారు ఈ విద్య తమది కాదని ముందే వెనుకంజ వేయుదురు. పైథాను భాషయందు వ్యాకరణమునకు ప్రత్యేకింపబడిన పదములు 35 మాత్రమే; 1989 నాటి ప్రమాణము ప్రకారము సీ భాషయందు 32. సంతకు పోవు రైతు నోటనుండు కూరగాయల పేర్లు అంతకంటె నెక్కువ. చదివి అర్థము చేసికొనునంత ఇంగ్లీషు క్రమముగ కావలెను, నిజమే. కాని అది వచ్చినపిమ్మట ఈ విద్య నారంభింతమని కూర్చుండరాదు. శ్రీముఖలింగము దాపున 1863 లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు పుస్తకములు లేని సవర భాషను, దానిని మాటాడువారితో మెలగి నేర్చుకొని, పిమ్మట తామే దానికి వ్యాకరణమును నిఘంటువును వ్రాసిరి. భాషను వాడుకలో నేర్చుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు.

పైగా తెలుగు వచ్చినవానికి ఈ పనిలో ఒక మేలు గలదు. “శ్రీకాకుళము” అను మాటలో ఎన్ని యక్షరములని బడిపిల్లవాని నడిగిన అయిదని చెప్పును. పైథాను నడిగిన 11 అని చెప్పును. ఏలయన యంత్రము శకారమును, పొల్లును, రేఫను, గుడిదీర్ఘమును వేర్వేఱుగ లెక్కించును. ఇది తెలియనివారు చేసిన ప్రోగ్రాములవలననే రసీదులపై మన పేర్లు విఱిగి, ఒత్తులు ప్రక్కకు జరిగి, ఒకచోట సగము పేరు తెగిపోయి అచ్చగుచున్నవి. దీనిని సరిదిద్దువాడు తెలుగు చదువ వచ్చినవాడే కావలెను.

ఇక శాఖల విషయము. వడ్డీలెక్క కుదిరిన తరువాత ఆ పిల్లవాడు గాని పిల్లగాని నూఱుమంది కల్పిత సభ్యుల పేరిట చిట్టా, ఆవర్జాలను కంప్యూటరులో కట్టవలెను. (నిజమైన సభ్యుల ఖాతాలు అభ్యాసమునకై పిల్లల చేతి కీయరాదు, ఈ విషయమున కార్యదర్శులు కఠినముగ నుండవలెను.) ఎవరు ఎంత తీసికొనిరి, ఎవరు గడువు దాటిరి అని అడిగినంతనే చెప్పునట్లు పట్టికలలో నమర్చుట తెరవెనుకటి పని. దీనికి యస్‌క్యూయల్ అను ప్రశ్నల భాషయు, పైథాను గాని జావా గాని కావలెను. 1970 లో ఐబీయం సంస్థకు చెందిన యెడ్గర్ కాడ్ ప్రతిపాదించిన పట్టికల పద్ధతియే నేటి బ్యాంకులన్నిటి క్రిందను నున్నది. భాషలు మాఱినను అది మాఱలేదు. ఈ కారణముననే, లెక్కలయం దాసక్తిగల రైతుబిడ్డలలో పలువురకు ఈ దారి యనుకూలమని మేము తలచుచున్నాము. పైకి మెఱపు లేదు, పని నిలుకడగలది.

ఆ ఆవర్జాను సభ్యుడు తన ఫోనులో చూచుకొనునట్లు చేయుట వేఱొక పని. హెచ్‌టీయంయల్, సీయస్‌యస్, 1995 లో పుట్టిన జావాస్క్రిప్టు దీనికి సాధనములు. చేసినది వెంటనే కంటికి కనబడును గనుక పిల్లలకు ఉత్సాహము. అందుచేతనే పోటీయు మిక్కుటము. ఆండ్రాయిడు ఫోను యాపులకు కాట్లిన్ భాష నేర్వవలెను. పరీక్షకుల పని వేఱు: ఎదుటివాడు చేసినదానిలో తప్పు పట్టుట. పైన చెప్పిన తేదీల తారుమారును కనిపెట్టినవాడు ఈ పనికి తగినవాడే. దీనిని తక్కువ పనిగ చూచువారు గలరు; మేమట్లు చూడము. డిప్లమాలోను ఐటీఐలోను ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్సు చదివినవారు తమ విద్యను విడిచి పరుగెత్తనక్కఱలేదు. ఫోనునుండి మోటారు నాపు స్టార్టరులోను, మడిలో తేమ చూపు పరికరములోను ఉండు చిన్న చిప్పునకు సీ భాషలో ప్రోగ్రాము వ్రాయువారు కావలెను. అది వారి సొంత పొలము వంటిది.

నేడు శిక్షణాలయములు మిక్కిలి గొప్పగ చాటుచున్నది డేటా సైన్సు, కృత్రిమ మేధ యను పేళ్లతోనున్న కోర్సులు. ఇవి మంచి విద్యలే. కాని గణితము, ముఖ్యముగ సంభావ్యతయు గణాంకశాస్త్రమును, సరిగ రానివానికి మూడు మాసములలో అవి వచ్చుననుట నమ్మరాని మాట. ఇంటరులో లెక్కలు పట్టుబడనివానిని దీనికై పెద్ద రుసుముతో పంపవలదని స్పష్టముగ చెప్పుచున్నాము.

ఒకే చిన్న సంఘపు ఆవర్జాను తయారుచేయుటలో ఈ శాఖలలో పెక్కింటి రుచి చిక్కును. లెక్క వ్రాయునప్పుడు అన్నము మఱచినాడా, పట్టిక లమర్చునప్పుడా, తెరపై రంగులు దిద్దునప్పుడా, ఇతరుని తప్పు పట్టినప్పుడా? తల్లికి ఇది తెలియును. ప్రక్కయింటివాని కుమారునికి ఏ కోర్సు చేసిన ఉద్యోగము వచ్చెనో దానిని పట్టుకొని పోవుటకంటె ఈ గుర్తు నమ్మదగినది.

యంత్రమే ప్రోగ్రాములు వ్రాయుచున్నప్పుడు మనుష్యుడు నేర్చుట యెందులకని అడుగువారికి మా సమాధానము పైలెక్కలోనే యున్నది. వడ్డీ ప్రోగ్రామును వ్రాయుమని అడిగిన కృత్రిమ మేధ నిమిషములో వ్రాసి యిచ్చును. 210 దినములా, 211 దినములా యనుట మన సంఘపు నిబంధన. అడుగనిదే దానికి తెలియదు. అది యిచ్చినదానిని చదివి తప్పెక్కడనో చూపగలవానికి అది మంచి పాలేరు. చదువనేరని వానికి అదియే యజమాని యగును. కావున మొదటి రెండు మాసములు దాని సాయము లేకుండ వ్రాయుటయు, పిమ్మట దానిని గురువువలె ప్రశ్నించుటయు మంచిది. మొదటి దినమునుండియు జవాబులు దానినుండి ఎత్తి వ్రాసినవాడు, పరీక్షలో చూచివ్రాసినవానివలె, ఉద్యోగపు ఇంటర్వ్యూలో తేలిపోవును.

పాఠములకు ఖర్చు లేదు. ఐఐటీలును బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయు కలసి నడుపు ఎన్‌పీటెల్ పాఠములను, 2017 లో ఆరంభమైన స్వయం ద్వారమున రుసుము లేకుండ వినవచ్చును. ధ్రువపత్రము కోరువారు మాత్రము పరీక్ష రుసుము చెల్లింతురు. బొంబాయి ఐఐటీవారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు కొన్ని తెలుగులోను గలవు. కంప్యూటరు లేనివారు మొదటి కొద్ది వారములు చేతిఫోనులోనే పైథాను నడుపవచ్చును. కష్టమేగాని అసాధ్యము గాదు. చేసిన పనిని గిట్‌హబ్ అను చోట నుంచినచో ఉద్యోగ మిచ్చువాడు దానిని తానే చూచుకొనును. హైదరాబాదులో హాస్టలున నుంచుటకు తల్లిదండ్రులు వెనుదీయుటచేత ఆగిపోవుచున్న ఆడపిల్లలకు ఇంటనుండి ఆరంభించు ఈ పద్ధతి మఱింత మేలు.

డిగ్రీ యక్కఱలేదని మే మనుట లేదు. పెద్ద కంపెనీలలో పెక్కింటి వాకిటిలో దానినే మొదట నడుగుదురు. పదవ తరగతి మార్కులనుబట్టి చేర్చుకొని ఆఱు సంవత్సరములు చదివించు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖ, మనవారు ట్రిపుల్ ఐటీ యనునది, 2016 లో శ్రీకాకుళమునకు వచ్చి ఎచ్చెర్ల మండలమున నున్నది. 2022 లో విజయనగరమున గురజాడ పేరిట సాంకేతిక విశ్వవిద్యాలయము వేఱుగ నేర్పడినది. పదవ తరగతి చదువుచున్న పిల్లలున్నవారు మొదట వీటివైపు చూడవలెను. కంప్యూటరు శాఖలో సీటు రాలేదని దుఃఖించి, కట్టుబడికి మించిన డబ్బు పోసి యెక్కడనో కొనుట మాత్రము తగదు. 2025 అక్టోబరులో గూగులు సంస్థ విశాఖపట్టణమున అయిదు సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రము నెలకొల్పెదమని ప్రకటించినప్పటినుండి మన ప్రాంతమున ఆశ లెక్కువైనవి. ఆశపడుటలో తప్పు లేదు. అయితే డేటా కేంద్రమును నడుపుటకు ముఖ్యముగ కావలసినవారు విద్యుత్తు, శీతలీకరణము, నెట్‌వర్కు పనులు తెలిసినవారు. ప్రోగ్రాములు వ్రాయువారు అచ్చటనే యుండనక్కఱలేదు. ఎలక్ట్రికల్ చదువుచున్న పిల్లవానిని మాన్పించి కంప్యూటరు కోర్సులో చేర్చువారు ఈ మాటను ఆలోచింపవలెను.

అమీరుపేట శిక్షణాలయములన్నియు మోసకరములని మేము చెప్పము. శ్రద్ధగ నేర్పువారచ్చట గలరు. అచ్చట నేర్చి బాగుపడినవారు లెక్కకు మించియున్నారు. కొంత పని యింటనే చేసి, తనకేమి రాదో తెలిసికొని పోయినవాడు అచ్చట మూడు మాసములలో నిజముగ లాభము పొందును. మేము భయపడునది వేఱొకరికి. సొమ్ము తీసికొని దొడ్డిదారిని ఉద్యోగ మిప్పింతుమనియు, చేయని పనికి అనుభవపత్రము పుట్టింతుమనియు చెప్పు దళారులు కలరు. మన పూర్వులు రంగమునకు కూలికి పోవునాడు మేస్త్రీ ముందుగ బయానా యిచ్చి, పిమ్మట కూలిలో పట్టుకొనెడివాడు. అతని పద్ధతి క్రూరమే. అయినను ముందు సొమ్ము పెట్టినవాడు మేస్త్రీ. నేటి దళారి ముందుగ మనయొద్దనే పుచ్చుకొనుచున్నాడు. పేరుగల కంపెనీలు ఉద్యోగమిచ్చుటకు అభ్యర్థులయొద్ద సొమ్ము తీసికొనవు. పూర్వానుభవమును విచారణ చేయించి, అబద్ధమని తేలినవానిని తొలగించును. ఆ నాటికి దళారి ఫోను మాఱియుండును. పొలముపై అప్పు మాత్రము మాఱదు.

సంఘములు చేయదగిన దేమి? 2022 జూన్ 29 తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమున 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. నాబార్డు ద్వారమున నడుచు ఆ పనివలన మన చిట్టా ఆవర్జాలు గూడ యంత్రమున కెక్కుచున్నవి. ఆ యంత్రమును పిల్లల కప్పగింపుమని మే మనుట లేదు, దానిని తాకనీయరాదు. సంఘపు లాభములలో సర్వజనోపయోగమునకు తీసియుంచు నిధినుండి వాడిన లాప్‌టాపులు రెండు కొని, లీనక్సు ఎక్కించి, సంఘపు గదిలో సాయంకాలము ఆఱు మొదలు తొమ్మిది గంటలవఱకు సభ్యుల పిల్లలకు తెఱచి యుంచవచ్చును. సెలవులకు ఇంటికి వచ్చు ట్రిపుల్ ఐటీ విద్యార్థి యొకడు వారమునకు రెండు దినములు కూర్చుండిన, జీతమిచ్చి ఉపాధ్యాయుని పెట్టనక్కఱలేదు. ఆఱు మాసముల చివర ప్రతి పిల్లవాడును తాను చేసిన వడ్డీలెక్కను కార్యదర్శి యెదుట చూపవలెను.

వచ్చు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును చేర్చగోరు సభ్యులు, ఉపవిధుల ప్రకారము గడువులోపల తీర్మానమును వ్రాసి కార్యదర్శి కీయవలెను. యంత్రముల వెల, విద్యుత్తు ఖర్చు, తాళపుచెవి యెవరియొద్ద నుండవలెను, పరీక్షల మాసములలో ఎవరికి ముందు అవకాశ మీయవలెను అను నంశములు తీర్మానములోనే వ్రాసినయెడల పిమ్మట తగవులుండవు.